పొయ్యి ఆరితే ఇల్లు కుళ్ళుతుంది: జీతం లేని మనుషులు నడిపే వైకింగ్ పల్లె లోపలి సంగతులు

డెన్మార్క్‌లో హోబ్రో అని ఒక చిన్న ఊరు ఉంది. సముద్రం సన్నటి పాయగా నేలలోకి చొచ్చుకొచ్చి, ఇక ముందుకు పోలేక ఆగిపోయిన చోట ఉంటుంది. ఊరి శివార్లలో వాగు పక్కన గుండ్రటి మట్టికట్ట ఒకటి కనిపిస్తుంది. లోపలి అడ్డుకొలత 120 మీటర్లు. పేరు ఫ్యూర్‌కాట్. క్రీ.శ. 980 ప్రాంతంలో, హెరాల్డ్ బ్లూటూత్ అనే రాజు కాలంలో కట్టిన కోట ఇది. మన ఫోన్లలోని బ్లూటూత్‌కి ఆ పేరు వచ్చింది ఈయన నుంచే. కట్ట లోపల 16 పొడవాటి ఇళ్ళు ఉండేవి, ఒక్కోటి 28.5 మీటర్లు. 2023లో ఇదే పద్ధతిలో కట్టిన మరో నాలుగు కోటలతో కలిపి దీన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నేను రాయబోయేది కోట గురించి కాదు. కోటకు కాస్త దూరంలో, మన కాలంలో కట్టిన ఒక పల్లె గురించి, దాని లాంటి మిగతా పల్లెల గురించి. వెయ్యేళ్ళ కిందట ఈ ఉత్తర యూరప్ దేశాల్లో ఉన్న వైకింగుల్లో ఒక రైతు కుటుంబం ఎలా బతికిందో చూపించడానికి అక్కడ తొమ్మిది ఇళ్ళు లేపారు. సీజన్‌లో ఉన్ని బట్టలు కట్టుకున్న మనుషులు అక్కడ రొట్టె కాలుస్తూ, ఇనుము సాగగొడుతూ, దారం వడుకుతూ కనిపిస్తారు. ఇలాంటి పల్లెలు డెన్మార్క్‌లోనే కాదు, స్వీడన్‌లో, నార్వేలో, ఐస్‌లాండ్‌లో కూడా ఉన్నాయి. వీటిలో పని చేసేవాళ్ళలో చాలామందికి జీతం ఉండదు. ఇష్టపడి వస్తారు, పని చేస్తారు, పోతారు.

వాలంటీర్ అనగానే ఆంధ్రాలో చాలామందికి ఇంటికి పింఛను తెచ్చిచ్చిన గ్రామ వాలంటీర్ గుర్తొస్తారు. వాళ్ళకు గౌరవ వేతనం ఉండేది. ఇక్కడ అదీ లేదు. డేనిష్‌లో వీళ్ళని ‘ఫ్రివిల్లి’ అంటారు, తన ఇష్టంతో వచ్చినవాడు అని. పదిమంది కలిసి ఊరి కోసం చేసే పనికి నార్వేలో ‘దుగ్నాద్’ అని మాట ఉంది. మన శ్రమదానానికి దగ్గరగా ఉంటుంది.

బయటినుంచి చూస్తే ఇందులో చిక్కేమీ కనిపించదు. నాలుగు గుడిసెలు కట్టు, పాతకాలం బట్టలు కుట్టించు, టికెట్ పెట్టు, అంతే కదా అనిపిస్తుంది. నిజానికి ఇది ఒకేసారి నాలుగు పనులు: మ్యూజియం, పశువుల దొడ్డి, పర్యాటక కేంద్రం, ఊరి సంఘం. ఈ నాలుగింటి అవసరాలూ ఒకదానితో ఒకటి పోట్లాడుతుంటాయి. ఆ పోట్లాట మొదలయ్యేది పొగ దగ్గర.

మా అమ్మమ్మ వాళ్ళ వంటిల్లు తాటాకు కప్పుది. కింద కట్టెల పొయ్యి. ఏళ్ళ తరబడి పొగ పట్టి లోపలి ఆకు, వాసాలు నల్లగా, నూనె పూసినట్టు మెరుస్తుండేవి. వసారా మీది ఆకు ముందే చివికిపోయి మార్చాల్సి వచ్చేది గానీ, వంటింటి మీది ఆకు ఇంకొంత కాలం ఆగేది. పురుగు చేరేది కాదు, తేమ నిలిచేది కాదు. పొగ ఇంటికి కాపలా అని అమ్మమ్మ అంటుండేది.

వైకింగ్ ఇంటికీ అంతే. ఆ ఇంటికి పొగగొట్టం లేదు. మధ్యలో నేలమీద పొడవాటి పొయ్యి ఉంటుంది. పొగ పైకి లేచి, కప్పు కింద కాసేపు తచ్చాడి, కొసలలో ఉన్న కంతల్లోంచి నెమ్మదిగా బయటికి పోతుంది. పోయేలోపు కప్పుకేసిన రెల్లునూ దూలాలనూ ఆరబెడుతుంది. ఆ దేశాల్లో చెద బెడద లేదు గానీ బూజు, నాచు, కుళ్ళు బెడద గట్టిగానే ఉంటుంది. శరత్కాలం నుంచి వసంతం దాకా ఆకాశం తడిగానే ఉంటుంది. రోజూ మంట వేస్తూ మనుషులు కాపురం చేసిన ఇల్లు నిలుస్తుంది. అదే ఇంటిని అక్టోబరులో తాళం వేసి ఏప్రిల్‌లో తెరిస్తే గోడలు చెమ్మ పట్టి, పరుపులు బూజు పట్టి, కప్పు లోపలి గడ్డి మెత్తబడి ఉంటుంది. అంటే ఈ ఇల్లు వాడకపోతే పాడయ్యే వస్తువు. మామూలు మ్యూజియంలో ఎవరూ ముట్టుకోకపోతే వస్తువు పదిలంగా ఉంటుంది. ఇక్కడ ముట్టుకోకపోతేనే పోతుంది.

మరి రోజూ మంట వేస్తే సరిపోతుందా అంటే, అక్కడ ఇంకో ఇబ్బంది. వైకింగ్ కాలం నాటి నమూనాలో కట్టిన రెండు ఇళ్ళలో గాలిని కొలిచి డేనిష్ పరిశోధకులు 2015లో ఫలితాలు ప్రచురించారు. ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి పొగ ధూళి, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దును ఎక్కడికో దాటిపోయింది. గంటసేపు చూసి వెళ్ళే టూరిస్టుకు కళ్ళు మండుతాయి, అంతే. వారానికి మూడు రోజులు ఆ పొయ్యి ముందు కూర్చుని జావ కలిపే మనిషి సంగతి వేరు. మన పల్లెల్లో ఆడవాళ్ళు ఎన్ని తరాలు ఆ పొగ మింగారో తెలిసినవాళ్ళం కాబట్టి మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటికి కావలసింది మనిషికి చేటు. అందుకే ఎండిన కట్టెలే వాడటం, పొయ్యి దగ్గర మనుషుల్ని మార్చుకుంటూ ఉండటం, ఆస్తమా ఉన్నవాళ్ళకు బయటి పనులు ఇవ్వడం లాంటి ఏర్పాట్లు కావాలి. ఇవి పురావస్తు గ్రంథాల్లో దొరకవు. బాధ్యత తీసుకున్న మనిషి ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి.

ఇల్లు కట్టడం దగ్గరే ఉన్న ఇంకో ముడిని విప్పి చెప్తాను, ఎందుకంటే ఈ పల్లెలన్నిటి విలువా దాని మీదే ఉంది. వైకింగ్ ఇల్లు ఒక్కటి కూడా నిలబడి మనదాకా రాలేదు. తవ్వకాల్లో దొరికేది ఇల్లు కాదు, మట్టి రంగులో తేడా. స్తంభం కుళ్ళిపోయిన చోట మట్టి నల్లగా ఉంటుంది. ఆ నల్లటి గుంతల వరస చూసి గోడ ఎక్కడో, కప్పు ఎంత ఎత్తో, తలుపు ఎటో ఊహించాలి.

ట్రెల్లెబోర్గ్ అనే మరో వలయ కోటను 1934 నుంచి 1942 దాకా తవ్వారు. ఇళ్ళ గోడలకు బయట ఇంకో వరస గుంతలు కనిపించాయి. అవి వసారా స్తంభాలవని అనుకున్నారు. 1942లో అక్కడ లేపిన నమూనా ఇంటికి చుట్టూ వసారా కట్టారు. చూడముచ్చటగా ఉంటుంది. తర్వాతి పరిశోధనల్లో తేలిందేమంటే, ఆ బయటి గుంతలు నిటారుగా లేవు, ఇంటివైపు వాలి ఉన్నాయి. అంటే అక్కడ ఉన్నది వసారా కాదు, బరువుకు గోడ బయటికి తోసుకుపోకుండా ఏటవాలుగా ఆనించిన ఊతదుంగలు. 1985లో ఫ్యూర్‌కాట్ కోట పక్కన ఇల్లు కట్టినప్పుడు ఊతదుంగలతోనే కట్టారు. ట్రెల్లెబోర్గ్ ఇల్లు మాత్రం వసారాతో ఇప్పటికీ నిలబడే ఉంది. రెండూ చూసినవాళ్ళకు పరిశోధన ఎలా ముందుకు నడుస్తుందో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. ఆ పాత ఇంటిని కూల్చకపోవడం చాలా మంచి పనని నేను అనుకుంటాను.

లైరె అనే చోట 1964లో హాన్స్ ఓలే హాన్సెన్ మొదలుపెట్టిన ప్రయోగ కేంద్రంలో ఇంకో అడుగు ముందుకేశారు. వైకింగులకు ముందటి ఇనుప యుగం నమూనాలో కట్టిన ఇంటిని 1967లో కావాలనే తగలబెట్టారు. కాలిపోయిన ఇల్లు మట్టిలో ఏ గుర్తులు వదులుతుందో తెలుసుకోవడానికి ఆ బూడిదను అలాగే వదిలేసి 1992లో తవ్వి చూశారు. పాతికేళ్ళు ఆగి చేసిన ప్రయోగం! ఇలాంటి ఓపిక జీతం మీద ఆధారపడిన ప్రాజెక్టులో దొరకడం కష్టం. ప్రాజెక్టుకు మూడేళ్ళకు డబ్బులైపోతాయి. మనిషి ఇష్టం అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

అయితే ఇష్టం ఒక్కటే ఇంటిని నిలబెట్టదు. నేలలో పాతిన స్తంభం నేలమట్టం దగ్గర, తడి పొడి కలిసే చోట, రెండు మూడు దశాబ్దాల్లో కుళ్ళుతుంది. గట్టి కలప ఇచ్చే ఓక్ అయినా అంతే. తడికకు మట్టి, పేడ, తరిగిన గడ్డి కలిపి మెత్తిన గోడ వాన కొట్టిన వైపు ఏటా ఊడుతుంది. ఆ మట్టిని కాళ్ళతో తొక్కి కలపడం, గుప్పెళ్ళతో గోడకు విసిరి అరచేత్తో నొక్కడం మన పల్లెల్లో చేసిన పనే కాబట్టి ఊహించుకోవడం తేలిక. పది పన్నెండు మంది కలిస్తే శనివారం ఒక గోడ అవుతుంది. కానీ మధ్య స్తంభం, మన నిట్టాడి లాంటిది, మార్చాలంటే పది మంది ఇష్టపడటం చాలదు. కప్పు బరువును దేనిమీదికి మళ్ళించాలో తెలిసిన వడ్రంగి కావాలి, సరిపడా ఓక్ దుంగ కావాలి, దాని ఖర్చుకు మునిసిపాలిటీనో ఏదో ఫౌండేషన్‌నో అడగాలి. ఇళ్ళన్నీ ఒకే దశాబ్దంలో కట్టి ఉంటే, అన్నీ ఒకే దశాబ్దంలో కుళ్ళడం మొదలవుతాయి. మొదటి తరం వాలంటీర్లకు అరవై డెబ్భై ఏళ్ళు వచ్చేదీ సరిగ్గా అప్పుడే.

ఇక పశువులు. గొర్రె, మేక, బాతు, కోడి లేకుండా రైతు పల్లె ఏమిటి? పిల్లలు ముందు పరుగెత్తేది వాటి దగ్గరికే. అందుకోసం పాత జాతులను వెతికి తెస్తారు: స్వీడన్ గొత్లాండ్ దీవి నుంచి వచ్చిన కొమ్ముల గొర్రె, నార్వే పాత జాతి గొర్రె. దడి దగ్గర నిలబడి ఆ గొర్రెను ఒకసారి దగ్గరగా చూడండి. చుట్టూ అంతా వెయ్యేళ్ళ కిందటిదే: అల్లిన దడి, చెక్క తొట్టి, ఉన్ని బట్టల మనిషి. గొర్రె చెవులకు మాత్రం నంబరున్న ప్లాస్టిక్ బిళ్ళలు. యూరప్ చట్టం ప్రకారం ప్రతి గొర్రెకూ గుర్తింపు ఉండి తీరాలి. డెన్మార్క్‌లో అయితే పశువులున్న ప్రతి దొడ్డీ ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదై ఉండాలి. గొర్రె చచ్చిపోతే దొడ్డి వెనక పాతిపెట్టడానికి వీల్లేదు, దానికోసం ఉన్న కేంద్రానికి అప్పగించాలి. బర్డ్ ఫ్లూ హెచ్చరిక వస్తే కోళ్ళనూ బాతులనూ కప్పు కింద పెట్టాలి.

చట్టం కన్నా గట్టిది పశువు ఆకలి. క్రిస్మస్ రోజు ఉదయం కూడా గొర్రెకు మేత వేయాలి. వాలంటీర్లకు సెలవులుంటాయి, గొర్రెకు ఉండవు. ఈ ఒక్క వాక్యం చాలా పల్లెల తలరాతను తేల్చింది. కొన్ని చోట్ల సీజన్ అవగానే పశువుల్ని పక్క రైతు దొడ్డికి తోలేస్తారు. కొన్ని చోట్ల ఏడాది పొడవునా చార్టు వేసుకుంటారు: ఎవరు ఏ రోజు, వాళ్ళకు జ్వరమొస్తే ఎవరు. ఆ చార్టు తయారు చేసే మనిషి, నా దృష్టిలో, ఆ పల్లెలో అందరికన్నా ముఖ్యుడు. కత్తి తిప్పేవాడు కాదు.

గొర్రె నుంచి ఉన్ని, ఉన్ని నుంచి బట్ట. ఇక్కడ కొంచెం లెక్క వేద్దాం. ఈ పాత జాతి గొర్రెల ఉన్నిలో రెండు పొరలుంటాయి: పైన పొడవాటి గరుకు వెంట్రుక, లోపల మెత్తటి నూగు. దువ్వెనతో రెండూ వేరు చేసి కదురుతో వడకాలి. కోపెన్‌హేగన్‌లోని వస్త్ర పరిశోధన కేంద్రం చేసిన ప్రయోగాల్లో, చేయి తిరిగినవాళ్ళు కదురు బరువును బట్టి గంటకు 35 నుంచి 50 మీటర్ల దారం తీశారు. ఒక మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు బట్ట కావాలనుకోండి, సెంటీమీటరుకు పది పోగులతో. పడుగుకు 3,000 మీటర్లు, పేకకు 3,000 మీటర్లు, మొత్తం 6,000 మీటర్లు. గంటకు 40 చొప్పున 150 గంటలు. ఇది వడకడం మాత్రమే. దువ్వడం, రంగు వేయడం, బరువు బిళ్ళలు వేలాడదీసిన నిలువు మగ్గం మీద నేయడం ఇంకా మొదలవలేదు.

తెలంగాణలో దక్కనీ గొర్రె ఉన్నితో గొంగడి నేసే కురుమల ఇళ్ళలో ఈ లెక్క నోటి మీదే ఉంటుంది. వడికే చేతులు తగ్గిపోయాయని వాళ్ళు బాధపడే బాధే ఇక్కడా ఉంది. తేడా ఒక్కటే. గొంగడి విద్య ఒక తరం నుంచి ఇంకో తరానికి తెగకుండా వచ్చింది. వైకింగ్ పల్లెలో ఆ తీగ ఎప్పుడో తెగింది. కదురు బిళ్ళ బరువు చూసి, సమాధిలో దొరికిన బట్ట ముక్కలో పోగులు లెక్కపెట్టి, చేసి చూసి, చెడగొట్టి, మళ్ళీ చేసి తిరిగి నేర్చుకున్నారు. అలా నేర్చుకున్నది వాలంటీర్ల చేతుల్లో ఉంది, పుస్తకాల్లో కొంతే ఉంది. ఇరవై ఏళ్ళు మగ్గం నడిపిన మనిషి ఒకరు మానేస్తే, మ్యూజియం ఒక గది ఖాళీ అయినట్టే.

ఇక మనుషుల దగ్గరికొద్దాం, అసలు కష్టం ఇక్కడే. ఇలాంటి పల్లెకు వచ్చేవాళ్ళు ఒక రకం వాళ్ళు కాదు. వారం వారం వచ్చేవాళ్ళుంటారు, వీళ్ళలో రిటైరైనవాళ్ళు ఎక్కువ. వేసవి సెలవుల్లో కుటుంబంతో సహా వచ్చి వారం పది రోజులు అక్కడే పడుకుని, అక్కడే వండుకుని తినేవాళ్ళుంటారు. లైరెలో మామూలు కుటుంబాలు ఇనుప యుగం ఇళ్ళలో సెలవులు గడపడం దశాబ్దాలుగా జరుగుతోంది. సంత రోజుల్లో మాత్రం వచ్చి తమ సరుకు అమ్ముకుని పోయేవాళ్ళు ఇంకో రకం. ఒక్కో రకానికి ఒక్కో కోరిక.

కమ్మరి కొలిమి దగ్గర నిలబడండి. ఇనుము నారింజ రంగుకొచ్చింది. దెబ్బ వేయాల్సిన క్షణాలు లెక్కపెట్టినన్నే. సరిగ్గా అప్పుడే ఎనిమిదేళ్ళ పిల్లాడు అడుగుతాడు: మీ హెల్మెట్‌కి కొమ్ములేవి? ఈ ప్రశ్న ఆ రోజుకు పదకొండోసారి. కమ్మరి పని ఆపి చెప్పాలి: వైకింగులకు కొమ్ముల హెల్మెట్లు లేవు, 1876లో జర్మనీలో వాగ్నర్ అనే సంగీతకారుడి ఒపెరాకు, అంటే పాటల నాటకానికి, కుట్టిన వేషాల నుంచి ఆ బొమ్మ లోకమంతా పాకింది. చెప్పేలోపు ఇనుము చల్లారిపోతుంది. ఆయన అక్కడికొచ్చింది ఇనుము సాగగొట్టడానికి. మ్యూజియం ఆయన్ని రమ్మన్నది పిల్లాడితో మాట్లాడటానికి. ఇద్దరిలో ఎవరిదీ తప్పు లేదు. బాగా నడిచే చోట్ల ఒకరు చేస్తుంటే పక్కన ఒకరు చెప్తారు, లేదా జనం వచ్చే గంటలు, పని గంటలు విడగొట్టుకుంటారు. ఈ సంగతి పట్టించుకోని చోట మంచి పనివాళ్ళు ఒక్కరొక్కరే మానేస్తారు, గొడవ కూడా పెట్టుకోరు.

ఎంతవరకు అచ్చు ఆ కాలంలాగే ఉండాలి అన్నది ఎడతెగని తగువు. కళ్ళజోడు పెట్టుకోవచ్చా? బట్ట మెషీన్ మీద కుట్టొచ్చా? చెక్క గిన్నెలో కాఫీ తాగొచ్చా? వంటలో బంగాళాదుంప, టమోటా, మొక్కజొన్న, మిరపకాయ ఉండకూడదు, అవి అమెరికా ఖండాల నుంచి తర్వాతెప్పుడో వచ్చినవి. ఆ మాటకొస్తే అదే 980లో మన తెలుగు ఇళ్ళలోనూ కారమంటే మిరియాలే. బార్లీ, రై, బఠాణీ, ఉల్లి, క్యాబేజీ, చేప, పంది మాంసంతోనే అంతా నడపాలి. నియమాలు మరీ బిగిస్తే కొత్తగా వచ్చిన అమ్మాయి మొదటి రోజే హడలిపోతుంది, చేతి కుట్టుతో అంగీ పూర్తయ్యేదాకా రావద్దంటే ఇక రాదు. మరీ వదిలేస్తే వచ్చినవాళ్ళకు అబద్ధం చూపించినట్టు. నా మట్టుకు నాకు నచ్చిన పద్ధతి: కొత్తవాళ్ళకు అరువు బట్టలు ఇచ్చి పనిలో దింపడం, ఏడాదిలోగా సొంతంగా కుట్టుకోవడం నేర్పడం. కళ్ళజోడు మాత్రం ఎవరిచేతా తీయించకూడదు, గొడ్డలి పట్టుకునే మనిషికి కళ్ళు కనబడాలి.

జీతం లేని చోట అధికారం ఎలా పని చేస్తుంది? ఆఫీసులో అయితే చెప్పింది చేయాలి. ఇక్కడ చెప్పింది నచ్చకపోతే రేపు రారు, అంతే. అలాగని మంట, గొడ్డలి, పిల్లలు, జనం ఉన్న చోట ఎవరికి తోచింది వాళ్ళు చేస్తే ప్రాణాల మీదికొస్తుంది. టికెట్ కొనుక్కుని జనం లోపలికొచ్చే గడ్డి కప్పు ఇంటికి రెండో దారి ఎటు, మంటలార్పే సిలిండర్ ఏ పీపా వెనక ఉంది, రాత్రి నిప్పు కప్పెట్టింది ఎవరు, ఇవి చర్చించి తేల్చుకునే సంగతులు కావు. అందుకే సవ్యంగా నడిచే పల్లెల్లో భద్రత మీద ఒక్కరి మాటే చెల్లుతుంది, మిగతావాటి మీద అందరూ మాట్లాడతారు. డెన్మార్క్‌లో ఊరికో సంఘం, సంఘానికో కార్యవర్గం, ఏటా సర్వసభ్య సమావేశం మామూలే కాబట్టి ఈ అలవాటు వాళ్ళకు కొంత కలిసొచ్చింది. ఫ్రెడెరిక్‌సుండ్ అనే ఊళ్ళో 1952 నుంచి ఏటా వేసవిలో ఊరివాళ్ళే వైకింగ్ నాటకం ఆడుతున్నారంటే ఆ అలవాటు బలమే.

పురావస్తు నిపుణుడికీ పాత వాలంటీరుకూ మధ్య నలిగే గౌరవం సంగతి ఒకటుంది. నిపుణుడికి గుంత తెలుసు. వడ్రంగికి ఆ గుంతలో స్తంభం ఎందుకు వంగుతుందో తెలుసు. ఒకరికి డిగ్రీ, ఇంకొకరికి ఇరవై ఏళ్ళ చేతి పని. వడ్రంగి తాను చేసింది రాసి పెట్టకపోతే, ఏ చెట్టు, ఏ పనిముట్టు, ఎన్ని గంటలు, ఎక్కడ చెడింది అన్నది నిపుణుడి చేతికి రాదు. నిపుణుడు పలకరించకపోతే వడ్రంగి రాయడు. ఇలాంటి మ్యూజియాలకూ ప్రయోగ పురావస్తు శాస్త్రానికీ కలిపి 2001లో ఎక్సార్క్ అనే అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది. అది పదే పదే చేసే పని ఈ రెండు రకాల మనుషులనూ ఒక చోట కూర్చోబెట్టడమే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. జీతం లేదు కాబట్టి ఖర్చు లేదని పాలక మండళ్ళు అనుకుంటుంటాయి. ఉన్ని కొనాలి, ఇనుము కొనాలి, బొగ్గు, కట్టెలు, బీమా, శిక్షణ, రోజూ అందరూ కలిసి తినే భోజనం. స్కూలు పిల్లలు వచ్చేది పనిదినాల్లో, ఉద్యోగాలున్న వాలంటీర్లు రాగలిగేది శని, ఆదివారాల్లో. ఆ ఖాళీని పూడ్చడానికి జీతం తీసుకునే మనిషి కనీసం ఒకరు ఉండి తీరాలి. ఆ ఒక్క ఉద్యోగం తీసేస్తే డబ్బు మిగులుతుందనుకోవడం నిట్టాడి తీసేసి కలప మిగిలిందనుకోవడమే.

ఇంత శ్రమ పడి వీళ్ళు ఎవరి జీవితాన్ని చూపిస్తున్నారు? ఫ్యూర్‌కాట్ కోట పక్కనున్న శ్మశానంలో నాలుగో నంబరు సమాధి చాలా పేరున్నది. అందులో ఒక స్త్రీని గుర్రపు బండి పెట్టెలో పడుకోబెట్టి పూడ్చారు. బంగారు జరీ ఉన్న ఎరుపు, నీలం బట్టలు, ఇనుప దండం, చిన్న సంచీలో మత్తు కలిగించే ఒక మొక్క గింజలు దొరికాయి. ఆమె సోదె చెప్పే పూజారిణి అయి ఉంటుందని పరిశోధకులు అంటారు. ఆమె కాలివేళ్ళకు వెండి ఉంగరాలున్నాయి. అలాంటివి స్కాండినేవియాలో, అంటే డెన్మార్క్, స్వీడన్, నార్వేలలో, మరెక్కడా దొరకలేదు. సమాధిలోని రెండు కంచు గిన్నెలు మధ్య ఆసియా నుంచి వచ్చి ఉండొచ్చట. మట్టెలు చూసి పెరిగిన మనకు ఆ కాలివేళ్ళ ఉంగరాల మాట చదవగానే గుండె ఒక్కసారి ఆగుతుంది. అవి ఎక్కడినుంచి వచ్చాయో తేలలేదు కాబట్టి అంతకు మించి ఏమీ అనను.

ఆమె కాలివేళ్ళ దాకా మనకు తెలిసింది. కానీ వైకింగ్ పల్లెల్లో బానిసలుండేవారు. వైకింగుల భాష అయిన పాత నోర్స్‌లో ఉన్న ‘రిగ్స్‌థూలా’ అనే పద్యంలో బానిస కుటుంబం చేసే పనుల వరస ఉంది: దడులు కట్టడం, చేలకు ఎరువు వేయడం, పందుల్ని చూడటం, మేకల్ని కాయడం, పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వడం. ఈ పల్లెల్లో వాలంటీర్లు సంతోషంగా చేసే పనుల జాబితా కూడా దాదాపు ఇదే. వారాంతంలో ఇష్టంతో పేడ ఎత్తే ఇంజనీరును చూసి, ఆ కాలంలో పేడ ఎత్తినవాళ్ళూ ఇలాగే నవ్వుతూ ఎత్తారని పిల్లలు అనుకుంటే అది పెద్ద పొరపాటు. బానిస వేషం వేయడానికి ఎవరూ ముందుకు రారు, వేయించడం కూడా సరికాదని నా అభిప్రాయం. వేషం వేయనక్కర్లేదు, నోటితో చెప్తే చాలు. రాజు వేషంలో ఉన్న మనిషే చెప్పాలి: నా ఇంట్లో కొన్న మనుషులున్నారు, వాళ్ళ పేర్లు మీకు దొరకవు అని. వైకింగ్ గుర్తులను తమ జాతి గొప్పకు జెండాలుగా ఎత్తుకునే ద్వేష ముఠాలు యూరప్‌లో ఉన్నాయి. గేటు దగ్గర వాళ్ళను ఆపడం ఎంత అవసరమో, లోపల ఈ మాట దాచకుండా చెప్పడమూ అంతే అవసరం.

నవంబరులో ఈ పల్లెలు చాలావరకు మూసేస్తారు. గేటుకు బోర్డు తగిలిస్తారు, టికెట్ కిటికీ మూతపడుతుంది. అయినా వారానికి కనీసం ఒక్కసారి ఎవరో ఒకరు రావాలి. తలుపు గడియ తీసి, చలికి బిగుసుకుపోయిన నేల మీద మోకాళ్ళేసి కూర్చుని, బిర్చ్ చెట్టు బెరడు నలిపి, చెకుముకి కొడతారు. మొదటి పదిహేను నిమిషాలు పొగ కిందనే తిరుగుతుంది. ఇల్లు వేడెక్కాక పైకి లేస్తుంది. కప్పు నుంచి చుక్కలు రాలతాయి, కాసేపటికి అవీ ఆగుతాయి. ఆ పూట ఆయనతో పాటు కొత్తగా చేరిన కుర్రాడొకడు వస్తే, చెకుముకి అతని చేతికిచ్చి పక్కన కూర్చోవాలి, మంట అంటుకోవడానికి గంట పట్టినా సరే.